చిన్న వంటగదికి రెండు రంగుల షట్టర్లా? ముందు మీ గట్టు రంగు చూడండి

ప్రశ్న ఇదీ. నెల్లూరు వేదాయపాళెంలో ఫ్లాటు. వంటగది 8 అడుగులు బై 7 అడుగులు. ఎల్ ఆకారంలో గట్టు, దాని మీద నల్ల గ్రానైట్ ఇప్పటికే వేసేశారు. తూర్పున ఒక్కటే కిటికీ. కింద నేవీ బ్లూ, పైన తెల్లటి తెలుపు షట్టర్లు (అల్మారా తలుపులు) వేయించుకోవాలని అడిగినావిడ కోరిక. "చిన్న గదికి రెండు రంగులేంది, ఇంకా ఇరుకవుద్ది" అని అత్తగారు అంటున్నారట. ఒకే రంగైతే ఖర్చు కలిసొస్తుందని కార్పెంటరు అంటున్నాడట. ఎవరి మాట వినాలి?

నా మాట ముందే చెప్పేస్తానమ్మా. రెండు రంగులు వేయించుకోండి, గది చిన్నదైనంత మాత్రాన వద్దనుకోనక్కర్లేదు. కానీ నేవీ బ్లూ మాత్రం వద్దు. పైన వెన్నరంగులాంటి లేత రంగు, కింద మరీ ముదురూ మరీ లేతా కాని రంగు పెట్టించండి. లేత టేకు చెక్క రంగు కావచ్చు, బూడిద కలిసిన ఆకుపచ్చ కావచ్చు. పైన లాఫ్టుకి కూడా పై షట్టర్ల రంగే.

ఒంగోలులో 17 ఏళ్లుగా వంటగదుల పని చేస్తున్నాను. నెల్లూరు, కావలి, కందుకూరు వైపు కూడా వస్తుంటాను. మా నాన్న టేకు తలుపులు, ద్వారబంధాలు చేసేవాడు. నేను ప్లైవుడ్డు, మైకా (ప్లై మీద అంటించే రంగు షీటు) పనిలోకి దిగాను. ఆయనకిది ఇప్పటికీ నచ్చదు, అది వేరే కథ. కింద రాసేదంతా నేను చేసిన పనుల్లోంచే, చెడగొట్టిన పని ఒకటి కూడా కలిపి.

నేవీ బ్లూ ఎందుకు వద్దంటున్నానంటే, మీ గట్టు ఇప్పటికే నల్లగా ఉంది. రెండు రంగులు అనగానే అందరూ పై షట్టరు, కింది షట్టరు మాత్రమే లెక్కేస్తారు. గ్రానైట్ ఒక రంగు కాదా? దాని వెనక గోడ టైల్స్ ఒక రంగు, నేల ఒక రంగు, ఫ్రిజ్ ఒక రంగు, చిమ్నీ ఇంకో రంగు. షట్టర్లు రాకముందే మీ గదిలో నాలుగైదు రంగులు తిష్ట వేసి కూర్చున్నాయి. పెద్ద గదిలో అవి దూరదూరంగా ఉంటాయి కాబట్టి సరిపోతుంది. 8 బై 7లో గుమ్మం దగ్గర నిలబడితే అన్నీ ఒక్కసారే కంట్లో పడతాయి.

మన వైపు నల్ల గ్రానైట్ అంటే ఎక్కువగా చీమకుర్తి గెలాక్సీయే. మీదీ అదే అయితే పగటిపూట కిటికీ పక్కన నిలబడి దగ్గరగా చూడండి. నలుపులో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. ఆ చుక్కల్లో కాస్త పసుపు, కాస్త రాగిరంగు ఉంటుంది. పాలిష్ నలుపు కింద నేవీ బ్లూ మ్యాట్ షట్టరు పెడితే, ట్యూబ్‌లైటు వెలుతురులో ఆ నీలం నీలంగా కనిపించదు, అదీ నలుపే అన్నట్టుంటుంది. గట్టు అంచు ఎక్కడ అయింది, షట్టరు ఎక్కడ మొదలైంది తెలియదు. నడుము ఎత్తు దాకా ఒకటే నల్ల దిమ్మ కట్టినట్టుంటుంది. ఇరుకు అనిపించేది అక్కడ. కాబట్టి తప్పు రెండు రంగులది కాదు, రెండు ముదురు రంగులు ఒకదాని మీద ఒకటి పడటం వల్ల వచ్చింది. ఫోటోల్లో నేవీ బ్లూ ఎందుకు బాగుంటుందంటే, వాటిలో గట్టు చాలావరకు తెల్ల క్వార్ట్జ్ అయి ఉంటుంది. మళ్లీ చూడండి, మీకే తెలుస్తుంది.

అదే లెక్కన తెల్లటి తెలుపు కూడా గెలాక్సీతో కలవదు. నీలం తిరిగిన తెలుపు పక్కన ఆ బంగారు చుక్కలు మాసినట్టు కనిపిస్తాయి. వెన్నరంగు, ఐవరీ, లేత చందనం పక్కన వాటికి ప్రాణం వస్తుంది. షాపులో మైకా ఫోల్డరు తిరగేసేటప్పుడు గ్రానైట్ ముక్క ఒకటి సంచిలో వేసుకెళ్లండి. మేస్త్రి సింకు కోసం కోసిన ముక్క మీ బాల్కనీలోనో మెట్ల కిందో ఇంకా పడే ఉంటుంది.

ఇక్కడ మీ అత్తగారి పక్షాన ఒక మాట. నల్ల గ్రానైట్ ఉన్న గదిలో పైనా కిందా ఒకటే లేత రంగు వేసినా, చూపుకి అది రెండు రంగుల వంటగదే. రెండో రంగు గట్టే ఇచ్చేసింది. ఆవిడ చెప్పింది చాదస్తం కాదు. ఒకే రంగు చేసి బాగా కుదిరిన ఇళ్లు నా దగ్గరా ఉన్నాయి. అయినా రెండు రంగులే వేసుకోమంటున్నానంటే, దానికి కారణం అందం కాదు, పసుపు. అది తర్వాత చెబుతాను.

పైన లేత, కింద ముదురు. తిరగేయొద్దు. ఇది తిరగేసి నేను చేతులు కాల్చుకున్నాను. పని మొదలుపెట్టిన కొత్తల్లో, ఒంగోలులో కొత్తపట్నం రోడ్డు వైపు ఒక ఇల్లు. వంటగది 6 అడుగుల వెడల్పు, రెండు వైపులా గట్టు. అప్పట్లో వైన్ రెడ్ గ్లాసీ అంటే అందరికీ మోజు. పైన ఎరుపు, కింద తెలుపు అన్నాను నేనే. బిగించిన రోజు ఫోటో తీసి నలుగురికి చూపించుకున్నాను కూడా. నెల తిరక్కుండా ఇంటావిడ ఫోన్. "ఏంది నాయనా ఇది, పొయ్యి దగ్గర నిలబడితే అల్మారా నెత్తిన పడేటట్టుండాది." వెళ్లి నిలబడ్డాను. నిజమే. రెండు వైపులా కంటికి ఎదురుగా ముదురెరుపు, మధ్యలో మనిషి. కిందున్న తెల్ల షట్టర్లు చూద్దామంటే తల వంచాలి. పైగా వాటి మీద పసుపు వేళ్లు, పిల్లాడి చెప్పుల గీతలు.

నిలబడి వంట చేసే మనిషి కంటికి ఎదురుగా ఉండేది పై షట్టర్లే. గది వెడల్పో ఇరుకో తేల్చేది అవే. అవి గోడ రంగులో కలిసిపోతే గోడ వెనక్కి జరిగినట్టుంటుంది. ముదురైతే గోడే ముందుకొస్తుంది. కింది షట్టర్ల ముందు ఎలాగూ మనిషి నిలబడి ఉంటాడు, నేల నీడ ఉంటుంది, అక్కడ కాస్త ముదురు బరువనిపించదు. ఆ ఇంట్లో పై షట్టర్లు మాత్రం నా ఖర్చుతో మార్చాను. బాక్సులు అవే, కబ్జాలు అవే, షట్టర్లు వేరే. ఒకటి మాత్రం అప్పుడు తెలిసింది. రంగు తప్పితే మొత్తం వంటగది పీకక్కర్లేదు, షట్టర్లు మారిస్తే చాలు. మీరూ ఆ ధైర్యంతోనే ఉండండి, టెన్షన్ పడొద్దు.

రంగు మారే గీత గట్టు దగ్గరే ఉండాలి, అడ్డంగా. కొంతమంది ఒక షట్టరు ఈ రంగు, పక్కది ఆ రంగు, చదరంగం బల్లలాగా అడుగుతారు. చిన్న గదిలో అది గందరగోళం. నిలువుగా రంగు మార్చడం ఒక్కచోటే కుదురుతుంది. ఫ్రిజ్ చుట్టూ పైదాకా కట్టే టాల్ యూనిట్ గది చివర ఉంటే, దాన్ని మొత్తం కింది రంగులో చేయొచ్చు. గుమ్మం పక్కనే ఉంటే మాత్రం వద్దు, లోపలికి అడుగు పెట్టగానే స్తంభం అడ్డొచ్చినట్టుంటుంది.

లాఫ్టు గురించి జాగ్రత్త. లాఫ్టు షట్టర్లకి మూడో రంగు, లేదా కింది ముదురు రంగే మళ్లీ వేస్తే "మ్యాచింగ్" అని చెప్పేవాళ్లున్నారు. వినొద్దు. ముదురు, లేత, మళ్లీ ముదురు అని మూడు పట్టీలు పడితే స్లాబు కిందికి దిగినట్టుంటుంది. లాఫ్టు, పై షట్టరు ఒకటే రంగు. గోడ రంగు కూడా దానికి దగ్గరగా ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడు పసుపు సంగతి. మన వంటలో చేతులు ఎక్కువగా తగిలేది కింది షట్టర్లకే. చేపల పులుసు కలుపుతూ, అదే చేత్తో కింద డబ్బాల సొరుగు లాగుతాం. పసుపు, కారం, నూనె అన్నీ హ్యాండిల్ చుట్టూ చేరతాయి. కింద కూడా లేత రంగే ఉంటే రోజూ తుడిచే ఓపిక ఉండాలి. పైన ఎవరూ అంత తరచుగా ముట్టుకోరు, అక్కడ పేరుకునేది తాలింపు ఆవిరితో వచ్చే జిడ్డు మాత్రమే. కాబట్టి పైన లేత రంగు, తుడిస్తే పోయే నున్నటి ఫినిషింగు. కింద మధ్యస్థ రంగు, మ్యాటో సూయిడో, అంటే మెరుపు లేని ఫినిషింగు. చెక్క గీతలు చేతికి గరుగ్గా తగిలే లోతు టెక్స్చర్ మాత్రం పొయ్యి పక్కన వద్దు. ఆ గీతల్లోకి పసుపు నూనె దిగితే పాత టూత్‌బ్రష్షే గతి. నున్నటి లేత మైకా మీద పసుపు మరక పడితే కంగారు పడకండి. వెంటనే గిన్నెల సబ్బుతో తుడవండి, మిగిలిన ఛాయ వెలుతురుకి కొన్నాళ్లలో తగ్గుతుంది. పసుపు రంగు ఎండకి వెలిసిపోయే రకం, మీ తెల్ల చీర మీద పడ్డ పసుపు ఎండలో ఆరేస్తే తగ్గినట్టే.

అలాగని బాగా ముదురు వేస్తే మరకలు దాగుతాయి అనుకోకండి. ముదురు రంగుకి వేరే జబ్బు ఉంది. కావలిలో ఒక ఇల్లు, బోరు నీళ్లు ఉప్పన. కింద బొగ్గు రంగు మ్యాట్ వేశాను. ఆరు నెలల తర్వాత హ్యాండిల్ వదులైందంటే వెళ్లాను. సింకు కింద ఉన్న రెండు షట్టర్ల మీద పైనుంచి కిందికి తెల్లటి చారలు, సున్నం కారినట్టు. వేలితో రాస్తే పొడి పొడిగా వచ్చింది. గట్టు మీది నీళ్లు గ్రానైట్ అంచు మీంచి జారి, దాని అడుగు భాగం పట్టుకుని వెనక్కి పాకి, షట్టరు పై అంచు నుంచి కిందికి కారుతున్నాయి. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. లేత టేకు రంగైతే ఆ చారలు ఇంతగా కొట్టొచ్చినట్టు కనిపించేవి కావు.

దీనికి మందు రంగులో కొంత, రాతిలో కొంత. గ్రానైట్ ముందుకు పొడుచుకొచ్చిన భాగం అడుగున, అంచుకి అరంగుళం లోపలగా, పొడవునా ఒక సన్నటి గాడి కోయిస్తే నీటి చుక్క అక్కడ ఆగి నేల మీద పడుతుంది, షట్టరు దాకా పాకదు. గ్రానైట్ వేయకముందైతే రెండు నిమిషాల పని. మీకు వేసేశారు కాబట్టి కింద పడుకుని కోయడం కష్టం, దుమ్ము కూడా. బదులుగా సింకు ఉన్నంత మేర అడుగున సిలికాన్ జిగురుతో సన్నటి గీత ఒకటి గీయించండి, చుక్కని అదీ ఆపుతుంది. షట్టరు పై అంచుకి ఎడ్జ్ బ్యాండ్ (ప్లై అంచుని మూసే పట్టీ) సరిగ్గా పట్టిందో లేదో చేత్తో తడిమి చూసుకోండి. అక్కడ ఊడితే నీళ్లు ప్లైలోకి దిగుతాయి, అప్పుడు రంగు గొడవ చిన్నదైపోతుంది. సింకు కింద బాక్సుకి ఐఎస్ 710 మార్కున్న, నీళ్లకి తట్టుకునే ప్లైనే వాడమనండి.

ఇంకో చిన్న విషయం, కానీ పని అయ్యాక రోజూ కంటికి గుచ్చుకునేది. బాక్సు లోపల తెల్ల మైకా వేస్తాం, అది మంచిదే, లోపల గిన్నెలు కనపడాలి కదా. అయితే షట్టరుకీ షట్టరుకీ మధ్య 3 ఎంఎం సందు ఉంటుంది. ముదురు షట్టర్ల మధ్య ఆ సందులోంచి బాక్సు తెల్ల అంచు కనపడుతుంది. గుమ్మంలోంచి చూస్తే ముదురు షట్టర్ల మీద సుద్దతో నిలువు గీతలు గీసినట్టుంటుంది. కింది బాక్సుల ముందు అంచుకి షట్టరు రంగు ఎడ్జ్ బ్యాండే వేయించండి. ఇది ముందే చెప్పాలి, బిగించాక చెబితే కార్పెంటరు మొహం మాడ్చుకుంటాడు. పై బాక్సుల అడుగు భాగం కూడా మర్చిపోకండి. కింద కూర్చుని కూరగాయలు తరిగేవాళ్లకి కనిపించేది అదే. దానికీ పై రంగు మైకానే వేయాలి, మిగిలిపోయిన ముక్కలు కాదు.

కార్పెంటరు ఖర్చు మాట కొంత నిజం. మీ గది కొలతల్లోనే లెక్క వేద్దాం. మైకా షీటు 8 అడుగులు బై 4 అడుగులు. ఎల్ ఆకారంలో మూల పోగా మీ కింది షట్టర్ల ముందు పొడవు 11 అడుగులు. షట్టరు ఎత్తు 29 అంగుళాలు అనుకుంటే షీటు పొడవులో మూడు ముక్కలు వస్తాయి, ఒక్కోటి 4 అడుగుల వెడల్పు. అంటే ఒక షీటులో 12 అడుగుల మేర షట్టర్లు. మీ 11కి సరిపోయింది. పైన 8 అడుగుల షట్టర్లు, లాఫ్టు 11 అడుగులు, ఎత్తు రెండూ 2 అడుగుల లోపే అనుకుందాం, మొత్తం 19 అడుగులు. ఒక షీటులో నాలుగు వరసలు, 16 అడుగులు. కాబట్టి రెండు షీట్లు కావాలి, రెండో దాంట్లో చాలా భాగం మిగులుతుంది. ఇక్కడిదాకా ఒకే రంగైనా రెండు రంగులైనా మూడు షీట్లే.

తేడా ఎక్కడ వస్తుందంటే గట్టు చివర, ఫ్రిజ్ పక్కన బయటికి కనపడే సైడ్ ప్యానెల్ దగ్గర. ఒకే రంగైతే అది మిగిలిన ముక్కలోంచి వచ్చేస్తుంది. రెండు రంగులైతే ఆ ఒక్క ప్యానెల్ కోసం ముదురు రంగులో ఇంకో షీటు కొనాలి. ఆ ప్యానెల్ ఫ్రిజ్ వెనక దాగిపోయేదైతే లేత రంగుదే వేయించండి, షీటు మిగిలినట్టే. బయటికి కనపడేదైతే కొనండి, కక్కుర్తి పడొద్దు. మిగిలిన ముక్కలు పారేయకుండా మంచం కిందో లాఫ్టులోనో దాచండి. మూడేళ్ల తర్వాత ఒక షట్టరు పాడైతే అదే నంబరు మైకా దొరుకుతుందన్న నమ్మకం లేదు, దొరికినా బ్యాచ్ మారితే ఛాయ మారుతుంది. నాకు రెండుసార్లు జరిగింది. రెండోసారి మూడు షాపులు తిరిగి, చివరికి ఒక వరస మొత్తం మార్చాల్సొచ్చింది.

హ్యాండిల్స్ పైనా కిందా ఒకే రకం పెట్టండి. కబ్జాలు తుప్పుకి తట్టుకునే 304 రకం స్టీలువి అడగండి, మనది సముద్రం గాలి. వాస్తు ప్రకారం ఏ రంగని మాత్రం నన్నడగకండి, ఒక్కో సిద్ధాంతిగారు ఒక్కో మాట చెబుతారు. మీ అత్తగారికి ఏదైనా పట్టింపు ఉంటే మైకా కొనకముందే అడిగేయండి, బిగించాక కాదు.

రంగు ఎంచుకోవడం గురించి చివరగా. షాపులో చూపించే అగ్గిపెట్టెంత ముక్క చూసి తేల్చుకోవద్దు. కాగితమంత పెద్ద శాంపిల్ అడిగి ఇంటికి తెచ్చుకోండి. గట్టు మీద పడుకోబెట్టి చూడొద్దు, షట్టరు ఉండేచోట నిలబెట్టి చూడండి. పడుకోబెడితే లైటు నేరుగా పడి ఒక మోస్తరు లేతగా కనిపిస్తుంది, నిలబెడితే అసలు రంగు బయటపడుతుంది. పొద్దున ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైటు వేసి ఒకసారి చూడాలి. మీకు తూర్పు కిటికీ కాబట్టి పొద్దున వెలుతురు బాగానే ఉంటుంది, మధ్యాహ్నం దాటాక మీ వంటంతా లైటు కిందే. అసలు పరీక్ష రాత్రిదే.

దాని కన్నా చవకైన పరీక్ష ఇంకొకటి ఉంది. మొన్న నెల్లూరులోనే మాగుంట లేఅవుట్‌లో ఒకావిడ చేత చేయించాను. ఆవిడకీ మీలాగే ముదురు నీలం మీద మనసు, గట్టేమో నలుపు. పుస్తకాల షాపులో నీలం, లేతాకుపచ్చ చార్టు పేపర్లు కొనిపించాను. గట్టు కింద సగం మేర నీలం, సగం మేర ఆకుపచ్చ టేపుతో అంటించి, వాటితోనే నాలుగు రోజులు వంట చేయమన్నాను. మూడో రోజు రాత్రి ఫోటో పంపింది. నీలం కాగితాలు పీకేసి ఉన్నాయి, ఆకుపచ్చవి మాత్రం అలాగే ఉన్నాయి, ఒకదాని మూల మీద పసుపు వేలిముద్ర కూడా ఉంది. మీరూ అంటించి చూడండి. నీలమే నచ్చితే నీలమే వేయించుకోండి, వంట చేసేది మీరు. అప్పుడు మాత్రం గట్టు కింద ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టించడం మర్చిపోకండి, నలుపుకీ నీలానికీ మధ్య గీత కనపడాలంటే అది ఉండాల్సిందే.